ఉప్పెన తెచ్చిన కూర

మా పుట్టింట్లో నాకు అందరికంటే ముందు విస్తరి వేసింది ఆ ఒక్క శీతకాలంలోనే. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా అందరూ తిని లేచాక, వంటిల్లు శుద్ధి చేసుకుని, గిన్నెల్లో మిగిలింది తినడం నాకు అలవాటు. మొగుడు పోయిన ఆడదానికి ఒక్క పూటే భోజనం. ఎప్పుడు తిన్నావు, ఏం తిన్నావు అని అడిగేవాళ్ళు ఉండరు. అందుచేత వదిన విస్తరి వేసి ముందు నన్ను కూర్చోమన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కాస్త సంతోషమే వేసింది.

అది రక్తాక్షి సంవత్సరం. దీపావళి వెళ్ళి నాలుగు రోజులైనా కాలేదు. బందరు పట్టణాన్ని ముంచేసిన ఉప్పెన మా రాజోలు వైపు గోదావరి లంకల్ని కూడా తన అంచుతో తాకింది. మా అగ్రహారం సముద్రానికి మరీ దగ్గరేమీ కాదు. అయినా గాలివాన కొట్టిన మర్నాడు తెల్లవారేసరికి ఉప్పుటేరు పొంగి, వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి మొండిగా నిలబడ్డాయి. పాలుపోసుకుంటున్న వరిచేలు పడుకున్నవి పడుకున్నట్టే కుళ్ళిపోయాయి. గాదెలో ధాన్యం తడిసి మొలకలెత్తింది. పాకలో ఆవులు కొట్టుకుపోగా ఒక్కటి మిగిలింది, అది చూలుతో ఉంది.

సముద్రపు ఒడ్డున పల్లెలకు పల్లెలే పోయాయి. ఆ మాట తలుచుకుని మేము అదృష్టవంతులమనే అనుకున్నాం. ఇంట్లో ఆరుగురం. మా అన్నయ్య శరభయ్య వేదం చదువుకున్నవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో యజ్ఞానికైనా తద్దినానికైనా ఆయన పేరే చెప్పేవారు. వదిన భ్రమరాంబ. వాళ్ళ పిల్లలు ఇద్దరు, పెద్దది బాల, దాని తరువాత రామం. మా అమ్మ. నేను. నా పేరు పేరిందేవి. కాపరానికి వెళ్ళిన ఏడాదికే తిరిగి వచ్చేశాను. అమ్మ కూడా నాలాగే తల మీద ముసుగుతో ఉండేది. నాన్న పోయి చాలాకాలమైంది.

మాకు బువ్వ పెట్టింది ఎప్పుడూ పెరడే. వేదం చెప్పుకునే ఇంట్లో ధాన్యం వచ్చే ఏడు వస్తుంది, రాని ఏడు రాదు. పెరట్లో మాత్రం కంద, చేమ, బచ్చలి, తోటకూర, పెండలం, వరసగా అరటి, గోడవారగా ములగ, ఇవి ఉంటే ఏ పూటైనా గడిచిపోయేది. ఉప్పునీరు తీసేసరికి అవన్నీ నల్లబడి, ముట్టుకుంటే చేతికి జిగురు అంటేలా అయిపోయాయి. నేనూ అమ్మా వాటిని పీకి కుప్ప వేశాం. మట్టి మీద తెల్లగా పొరలాగా ఉప్పు పేరుకుంది.

మార్గశిరంలో ఆ మట్టిలోంచి పచ్చగా ఏవో మొలిచాయి.

మొదట చూసింది బాల. "అత్తా, బచ్చలి మళ్ళీ వచ్చింది" అని పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూస్తే బచ్చలి కాదు. కాడ ఎర్రగా ఉంది, కాని ఆకు మందంగా, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేలా ఉంది. తుంచితే నీరు కారింది. వాసన లేదు. వారం తిరిగేసరికి పెరడంతా అదే అల్లుకుంది. దాని మధ్యలో అక్కడక్కడ ఒక తీగ, చిక్కుడుకి అక్కచెల్లెలిలా ఉండి చిక్కుడు కానిది, విరిగిన ములగచెట్టు మీదికి ఎగబాకింది. సముద్రం ఏ దేశం నుంచి ఆ విత్తులు మోసుకొచ్చిందో ఎవరికి తెలుసు.

అన్నయ్య వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన ఆకు తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, తన గ్రంథంలో ఇటువంటిది లేదన్నాడు. చేపల పల్లె నుంచి నూకాలమ్మ పెరటి కంచె దగ్గరకు వచ్చింది. నూకాలమ్మ, ఆమె మొగుడు ధనరాజు నావ నడుపుకునేవాళ్ళు. ఆ ఉప్పెనలో ఇల్లు పోయింది గాని మనుషులు మిగిలారు.

"మా వైపూ మొలిచిందండి. ఏంటో మాకూ తెల్దండి. మా అత్తగారు కూడా ఎప్పుడూ చూళ్ళేదంటండి" అంది.

ఆ సాయంత్రం వసారాలో ఈ మాట మీద చర్చ జరిగింది. రామం ఆకలికి ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. మొలకెత్తిన ధాన్యం దంచి కాచిన జావ అయిపోవస్తోంది.

"పీకించెయ్యండి. పిల్లలు తిరిగే చోటు" అంది వదిన.

"పీకితే ఆ ఉప్పుమట్టిలో ఇంకేం మొలుస్తుంది? మొలిచింది పారేసి ఏం తింటాం?" అన్నాడు అన్నయ్య.

"పోనీ ఆవు ముందు వేసి చూద్దామాండీ."

అన్నయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "చూలుతో ఉన్న ఆవు. దానికేమన్నా అయితే గోహత్య. ఆ మాట మళ్ళీ అనకు."

"దేవుడికి నైవేద్యం పెట్టి, ఆయన మీద భారం వేసి తినేద్దాం రా" అంది అమ్మ.

"ఏమిటో తెలియని పదార్థం నైవేద్యానికి పనికిరాదమ్మా. ముందు అది ఆహారమో కాదో తేలాలి."

"తేలడం ఎలాగ?" అంది వదిన.

నేను గుమ్మం అవతల కూర్చుని బాలకి జడ వేస్తున్నాను. సంధ్యావందనానికి వేళైందని అన్నయ్య లేచాడు. మర్నాడు ఆవు అటు పోకుండా తనే దగ్గరుండి పెరటికి తాటిమట్టలతో దడి కట్టించాడు.

రెండు రోజుల తరువాత వదిన ఆ ఆకు కోసింది. రెండుసార్లు ఉడకబెట్టి వార్చి, ఉప్పు వేసింది. అప్పుడే విస్తరి వేసి, "పేరీ, ఇవాళ నువ్వు ముందు కూర్చో" అంది.

"పిల్లలు?"

"వాళ్ళకి ఇంకా ఆకలి లేదులే."

పిల్లలకి ఆకలి లేకపోవడమేమిటని అప్పుడైనా అనుకోవాల్సింది. అనుకోలేదు. కూర్చున్నాను. అమ్మ గరిటతో కూర తెచ్చింది. తెచ్చి విస్తరి పక్కన నిలబడింది, వడ్డించకుండా. "వెయ్యమ్మా" అని నేనే అన్నాను. వేసింది. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో జపమాల ఉంది గాని పూసలు కదలడం లేదు. వదిన పిల్లల్ని తన వెనక్కి లాక్కుంది.

మొదటి ముద్ద నోట్లో ఉండగా నాకు తెలిసింది.

ఉమ్మేయవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది. కాని ఇంట్లోవాళ్ళంతా నా నోటి వంకే చూస్తున్నారు, ఆ చూపుల ముందు ఉమ్మడం నాకు సిగ్గనిపించింది. నమిలి మింగాను.

"ఎలా ఉందే?" అంది వదిన.

"కొంచెం వగరు."

"గొంతు దురదగా ఉందా?"

"లేదు."

"ఇంకొంచెం వెయ్యమ్మా. చాలినంత తింటే గాని తెలియదు" అన్నాడు అన్నయ్య. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది.

ఆ పగలంతా నేను ఎటు వెళ్తే అటు ఎవరో ఒకరు. నూతి దగ్గరకు వెళ్తే వదిన. వసారాలో నడుం వాలిస్తే అమ్మ వచ్చి నుదురు తాకి చూసి వెళ్ళింది. సాయంత్రం బాల వచ్చి, "అత్తా, నీకేమన్నా అవుతోందా? అమ్మ చూసి రమ్మంది" అంది.

"ఏమీ అవడం లేదని చెప్పు."

అది లోపలికి పరుగెత్తి ఆ మాట చెప్పడం, వదిన "హమ్మయ్య" అనడం నాకు వినిపించాయి. ఆ "హమ్మయ్య" నా ప్రాణానికో, పొయ్యి మీదికి కూర దొరికినందుకో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ కలిసే ఉంటాయి.

మర్నాడు ఆ కూర దేవుడికి నైవేద్యం పెట్టి అందరూ తిన్నారు. రామం మూడుసార్లు వేయించుకున్నాడు. వాడు తింటుంటే చూసి నేను కూడా సంతోషించాను, లేదనను. దేవుడికన్నా ముందు తిన్నదాన్ని నేనేనని మాత్రం అనుకున్నాను.

ఆ కూర మా అగ్రహారాన్ని నిలబెట్టింది. అన్నయ్య దానికి లవణశాకమని పేరు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క శరభయ్యగారి కూర అన్నారు. "ఎంత ధైర్యమండీ మీది, తెలియని పదార్థాన్ని ఇంటిల్లిపాదీ తిని ఊరికి దారి చూపించేరు" అని పెద్దవాళ్ళు మెచ్చుకుంటే అన్నయ్య తలవంచుకుని, "అంతా ఈశ్వరుడి దయ" అనేవాడు. ఒకరోజు నూకాలమ్మ కంచె దగ్గర నిలబడి వదినను అడిగింది.

"మేమైతే మేకకి పెట్టి చూసేమండి. మీరెలా తెలుసుకున్నారండి అమ్మగారూ?"

"మా ఆడపడుచు తిని చూసింది" అంది వదిన. దాచుకోవలసిన మాటలా అనలేదు.

నూకాలమ్మ నా వంక చూసింది. "ఆయ్" అని మాత్రం అని, తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పుష్యం వెళ్ళి మాఘం వచ్చేసరికి తీగకి కాయలు దిగాయి. దళసరిగా, బొటనవేలంత వెడల్పున, లోపల గింజలు ఊరి ఉన్నాయి. రోజూ ఒకే ఆకుకూర తిని పిల్లలకి మొహం మొత్తింది. వదిన కాయలు కోసి చేటలో పోసి, అన్నయ్యకు చూపించింది. అన్నయ్య పంచాంగం తీశాడు.

"రేపు ఏకాదశి. పేరికి ఉపవాసం. ద్వాదశి నాడు చూద్దాం."

ఈసారి గుమ్మం అవతల కూర్చున్న నా చెవిన పడుతుందని ఎవరూ గొంతు తగ్గించలేదు. అంతలోనే అది ఇంట్లో ఒక పద్ధతి అయిపోయింది. ఏకాదశి అంతా నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా గడిపి, ద్వాదశి పారణ ఆ గింజలతో చేశాను. రుచిగానే ఉన్నాయి. ఉడికిన పెసలులాగా కమ్మగా ఉన్నాయని చెప్పాను కూడా.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలైంది. పెరటి గోడ పట్టుకుని కక్కాను. కక్కడానికి ఏమీ లేకపోయాక కూడా వాంతి ఆగలేదు. కళ్ళు బైర్లు కమ్మి, ఎదురుగా ఉన్న మొండి కొబ్బరిచెట్టు రెండుగా కనిపించింది. వదిన వేన్నీళ్ళు కాచి తెచ్చింది. నా వీపు నిమిరింది. మంచి మనిషి కాదని ఆమె గురించి ఎన్నడూ చెప్పలేను. అన్నయ్య ఆ పూటే మనిషిని పిలిపించి తీగను మొదలంటా పీకించి పారేయించాడు. "అదృష్టం, పిల్లలు ముట్టుకోలేదు" అన్నాడు.

ఆ మాట విన్నాను. వసారాలో చాప మీద పడుకుని అన్నీ వింటూనే ఉన్నాను.

అమ్మ నా పక్కనే కూర్చుని మజ్జిగతేట చెంచాతో పోసింది. పోస్తూనే మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"నేనే తింటానన్నానే పేరీ. మొదటిసారీ అన్నాను, ఈసారీ అన్నాను."

"ఎవరితో?"

"అన్నయ్యతోటి. ఒప్పుకోలేదు. నువ్వు పెద్దదానివి, నీకేమన్నా అయితే అది కూర వల్లో వయసు వల్లో తేలదన్నాడు. వయసులో ఉన్నవాళ్ళు తింటేనే సరిగ్గా తెలుస్తుందన్నాడు. ఆ మాటా నిజమే కదా అనిపించింది."

తనకు నా మీద ఉన్న ప్రేమకు రుజువుగా ఆ మాట చెప్పింది. నాకు మాత్రం ఒక్కటే అర్థమైంది. నేను లేనప్పుడు కూడా వీళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆవు గురించి ఒక మాట, దేవుడి గురించి ఒక మాట, అమ్మ గురించి ఒక మాట అనుకుని, తరువాత నా దగ్గరకు వచ్చారు.

"వదిన ఏమంది?"

"అదేమంటుంది. ఏడిచింది కాస్సేపు."

అమ్మ పమిటచెంగుతో నా మూతి తుడిచింది. నేను కళ్ళు మూసుకున్నాను.

లేచి తిరిగే ఓపిక ఇంకా పూర్తిగా రాకముందే కామావధానులుగారు మా ఇంటికి వచ్చారు. వీధి చివర ఇల్లు వాళ్ళది. అన్నయ్య కన్నా పెద్దవారు, నెమ్మదస్తులు. చేతిలో అరిటాకు కప్పిన బుట్ట ఉంది. నేను లోపల, తద్దినానికి వెళ్తే అన్నయ్యకి ఇచ్చిన కాసిని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

"మా పెరట్లో వేరే రకం ఒకటి మొలిచింది శరభయ్యగారూ. తవ్వి చూస్తే దుంప. కండగా ఊరింది. వండుకుందామని ఆశగా ఉంది గాని ఏమిటో తెలీదు కదా."

"ఆయ్, తెలియకుండా ఎలా తింటామండి."

"అందుకనే వచ్చేను. మీ చెల్లెలుగారికి శ్రమ అనుకోకపోతే, ఒక్కసారి..."

"దానికేముందండి" అన్నాడు అన్నయ్య. "మొన్న కాస్త అస్వస్థత చేసింది. ఇంకా నీరసంగా ఉంది. పౌర్ణమి వెళ్ళనివ్వండి."

"తొందరేం లేదండి. ఆవిడ కోలుకున్నాకే."

ఇద్దరూ ఒకరికొకరు నమస్కారాలు చేసుకున్నారు. ఒక ఎద్దును పొలం పనికి అరువు ఇచ్చినా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకుంటారు. బుట్ట వసారాలో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి, ఆ బుట్ట తీసుకుని కామావధానులుగారింటికి వెళ్ళాను. పెరటివైపు నుంచి వెళ్ళాను. అవధానులుగారి భార్య మంగాయమ్మగారు వంటింటి గుమ్మంలో కూతురు పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల పేరు చిన్నమ్మలు. పద్నాలుగో పదిహేనో ఉంటాయి. ఆ ఏడాది ఆషాఢంలోనే మొగుడు పోయాడు. తలమీది ముసుగు జారిపోతుంటే మాటిమాటికీ సర్దుకుంటోంది, ఇంకా అలవాటు కాలేదు. దాని ముందు ఆకులో మజ్జిగన్నం ఉంది. తల్లి దాన్ని ముద్దలు చేసి, "ఇంకొక్కటే. ఇది తింటే చాలు" అని బతిమాలుతోంది.

నేను బుట్ట గట్టు మీద పెట్టాను.

"ఇది మీదిట. తిరిగి ఇచ్చేద్దామని వచ్చేనండి. మీ ఇంట్లోనే చూసుకోండి."

మంగాయమ్మగారు నా వంకా బుట్ట వంకా చూసింది. ఆమె చెయ్యి తనంత తానే వెళ్ళి కూతురి భుజం పట్టుకుంది.

"మాకు ఒక్కగానొక్క పిల్లమ్మా."

"మా అమ్మకీ నేనొక్కదాన్నే కూతుర్నండి."

ఆమెకు కోపం రాలేదు. ఆలోచించింది. ఆలోచించి, మెల్లిగా, "అది నేనేం చెయ్యగలనే పేరిందేవీ" అంది.

"ఏమిటమ్మా ఆ దుంప?" అని అడిగింది చిన్నమ్మలు.

"నీకెందుకు. నువ్వు తిను."

ఆ ఇంట్లోనూ బియ్యం మా ఇంట్లో ఉన్నంతే. ఆ పిల్లకి వచ్చిన కష్టం నాకు వచ్చిందే. తలా అదే, ముసుగూ అదే. దాని మీద నాకు అసూయ కలగలేదు. కాని తోవలో నడుస్తుంటే ఆ మజ్జిగన్నం ముద్ద కళ్ళ ముందు నుంచి పోలేదు. మొగుడు పోయిన ఆడదానికి ఇంతే, ఏ ఇంట్లోనైనా ఇంతే అని ఎన్నేళ్ళుగానో నాకు నేను చెప్పుకుని నెట్టుకొచ్చాను. ఇంతే కాదని ఆ పూట చూశాను.

ఇంటికి వచ్చేసరికి అన్నయ్యకు కబురు అందింది.

"బుట్ట తిరిగి ఇచ్చేసేవట."

"ఇచ్చేసేను."

"అవధానులుగారు ఏమనుకుంటారు? నేను మాట ఇచ్చేను కదా."

"నేను తినను అన్నయ్యా. అదీ తినను, ఇకమీదట తెలియనిదేదీ తినను."

అన్నయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. నటన కాదు. ఆయనకు నటించడం రాదు.

"నిన్ను తినమని ఎవరన్నారే? ఈ ఇంట్లో ఎవరైనా నీతో ఒక్క మాట అన్నారా? చెప్పు."

నేను వెనక్కి వెతికి చూసుకున్నాను. ఎవరూ అనలేదు. విస్తరి వేశారు, కూర్చోమన్నారు, ఇంకొంచెం వెయ్యమన్నారు. తినమని మాత్రం ఎవరూ అనలేదు. జవాబు లేదు కాబట్టి తప్పు నాదేనన్నట్టు అన్నయ్య తల ఊపి, ఉత్తరీయం వేసుకుని బయటికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో బుట్ట ఉంది. తెచ్చి, అంతకుముందు ఉన్న చోటే పెట్టాడు.

అమ్మ స్తంభాన్ని ఆనుకుని కూర్చుని బుట్టను చూసింది. నన్ను చూసింది.

శివరాత్రి దగ్గరపడుతోంది. ధనరాజు నావ కొబ్బరిపీచు వేసుకుని కాలవ మీద ముక్తేశ్వరం దాకా వెళ్తోందని నూకాలమ్మ చెప్పింది. అక్కణ్ణుంచి రేవు దాటితే కోటిపల్లి. శివరాత్రికి కోటిపల్లిలో స్నానం చేసి వస్తానని అన్నయ్యను అడిగాను. ఊళ్ళోంచి మరో ఇద్దరు ముసలమ్మలు కూడా బయల్దేరుతున్నారు.

"వెళ్ళిరా. మంచిదే" అన్నాడు అన్నయ్య. బుట్ట వంక ఓసారి చూసి, "వచ్చేక చూద్దాం. దుంపే కదా, పాడవదు" అన్నాడు.

కాలవ గట్టు దాకా అమ్మ వచ్చింది. తన ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది. నావ మీద మూలగా కూర్చోడానికి ధనరాజు చాప పరిచాడు. గట్టు మీద అమ్మ, నావ తాడు విప్పుతుంటే ఏదో చెప్పబోయినట్టు రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. నేను కూడా అడగలేదు. ఆమె మీద నాకు అప్పటికి చాలా కోపంగా ఉంది.

కోటిపల్లి సత్రంలో శివరాత్రి జనానికి వండి వార్చే చేతులు చాలలేదు. ఒక పూట సాయం చేశాను. పండగ వెళ్ళాక కూడా ఉండిపొమ్మని సత్రం చూసే పెద్దావిడ అడిగింది. నాతో వచ్చిన ముసలమ్మలు తిరిగి వెళ్తూ, "మీ అన్నయ్యగారికి ఏమని చెప్పమంటావు?" అన్నారు. ఉంటున్నానని చెప్పమన్నాను. అక్కడ గోదావరి వెడల్పుగా ఉండేది. పొద్దున్నే రేవులో స్నానం చేసి పొయ్యి వెలిగిస్తే మళ్ళీ పొద్దుగుంకేదాకా తీరిక లేదు. ఒళ్ళు నొప్పులుగా ఉన్నా, పడుకోగానే నిద్ర పట్టేది.

ఉగాదికి ముందు ఒకరోజు, పంక్తి ఇంకా లేవకముందే, సత్రం వాకిట్లో అన్నయ్య కనిపించాడు. గొడుగు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. తల, మీసం నున్నగా గొరిగించుకుని ఉన్నాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను.

"ఎప్పుడు?"

"మొన్నటికి పన్నెండో రోజు అయింది. కబురు పంపుదామంటే పడవ దొరకలేదు."

నేను స్తంభం పట్టుకుని కింద కూర్చున్నాను. లోపల పంక్తిలో ఎవరో చారు అడుగుతున్నారు.

"ఏం జరిగింది?"

"కడుపులో నొప్పంది. రెండు రోజులు బాధపడింది. వైద్యుడొచ్చేడు, మందిచ్చేడు. వయసు కూడా అయింది కదా."

"ఏం తింది అన్నయ్యా?"

ఆయన రేవు వైపు చూశాడు.

"అవధానులుగారు వచ్చినప్పుడల్లా అడుగుతుండేవారు. నువ్వేమో ఇక్కడ ఉండిపోయేవు. ఎవరో ఒకరు చూడాలి కదా." గొడుగు దగ్గరకు లాక్కున్నాడు. "తనంతట తనే వండుకుంది. మేమెవరం తినమనలేదు."

నేను ఏడవలేదు. నేను తిని ఉంటే నేను పోయేదాన్ని. తినలేదు, అమ్మ పోయింది. వీటిలో దేనికి ఏడవాలో ఆ క్షణాన తెలియలేదు. తరువాత చాలా ఏళ్ళు తెలియలేదు. అమ్మ ధైర్యంతో తిన్నదో, బుట్టను ఇక చూడలేక తిన్నదో, నేను తిరిగి వచ్చేలోగా ఆ పని ముగించెయ్యాలని తిన్నదో చెప్పగలిగిన మనిషి లేదు.

"అవధానులుగారు చాలా బాధపడ్డారు. పన్నెండు రోజులూ వచ్చి కూర్చున్నారు" అన్నాడు అన్నయ్య.

"చిన్నమ్మలు బాగుందా?"

"బాగుంది." ఆ ప్రశ్న ఎందుకడిగానో ఆయనకు అర్థం కాలేదు. కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, చిన్నప్పుడు నాతో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇంటికి వచ్చెయ్యి పేరీ. వదినకి ఒక్కత్తికీ చేతకావడం లేదు. బాల నీకోసం బెంగ పెట్టుకుంది. ఇంకేం భయం లేదు. ఆ పిచ్చి మొక్కలన్నీ పీకించేసేను. కాలవ నీళ్ళు పెట్టించి మట్టిలో ఉప్పు కడిగించేను. ఆనపా, బీరా పెట్టేం. ఇప్పుడు పెరట్లో ఉన్నవన్నీ మనకి తెలిసిన మొక్కలే."

నన్ను ఓదార్చడానికే ఆ మాట చెప్పాడు.

నేను లేచి రేవులోకి దిగాను. ఎండాకాలం మొదలు కావడంతో నీళ్ళు వెనక్కి తీసి, చాలా దూరం ఇసకలో నడిస్తే గాని మొల లోతు దొరకలేదు. అమ్మ పేరు చెప్పుకుని మూడు మునకలు వేశాను. మైల కాబట్టి మూడు రోజులు వంటింట్లోకి రావద్దని సత్రం పెద్దావిడ గట్టు మీద నుంచి చెప్పింది. సరేనన్నాను.

తడిబట్టలతో తిరిగి వచ్చేసరికి అన్నయ్య ఇంకా అరుగు మీదే ఉన్నాడు. ఎవరో విస్తరి వేసి అన్నం పెట్టినట్టున్నారు. కడుక్కున్న చేతులు తుడుచుకుంటున్నాడు.

"బయల్దేరుదామా?" అన్నాడు.

"ముక్తేశ్వరానికి పడవ ఇప్పుడే వెళ్తుంది. ఇది తప్పితే సాయంత్రం దాకా లేదు. నువ్వు ఎక్కు అన్నయ్యా" అన్నాను.